బస్సు ముందు నుంచి ఓ బుల్లి బ్యాగు

నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కి వెళ్లే రోడ్డు మీద జూన్‌లో బండి నడపడం అంటే పరీక్షే. రసాలు దాదాపు అయిపోయినా కలెక్టర్ కాయ ఇంకా దిగుతూనే ఉంటుంది. లారీలు, ట్రాక్టర్లు, చిన్న ట్రక్కులు... అందరికీ మార్కెట్ టైము అందుకోవాలన్న తొందరే. జూన్ 12 ప్రాంతంలో బడులు తెరవగానే అదే రోడ్డు మీదికి పసుపు బస్సులూ వచ్చేస్తాయి. మధ్యలో మనం, బైకు మీద, చెవిలో ఇయర్‌బడ్‌తో.

ఆగిన స్కూల్ బస్సు మన కంటికి ఒక అడ్డం, అంతే. హారన్ కొట్టి కుడి పక్కనుంచి దూరిపోతాం. నా భయమంతా అక్కడే. మన బస్సుకి తలుపు ఎడమ వైపు ఉంటుంది. ఇల్లు రోడ్డుకి అవతల ఉన్న పిల్లాడు దిగి, బస్సు ముందు నుంచే దాటుతాడు. యూకేజీ వాడు ఎంత ఎత్తుంటాడు చెప్పండి? వెనక నుంచి వచ్చే మనకి వాడు కనపడడు, వాడికి మనం కనపడం. ఒక్కోసారి బంపర్‌కి మరీ దగ్గరగా నడిస్తే ఆ బస్సు డ్రైవర్‌కీ కనపడడు. ఎడమ నుంచి దూరేవాళ్ల గురించి ఏం చెప్పను! సరిగ్గా మెట్ల మీదికే పోతారు.

చిన్న లెక్క చూడండి. 60 స్పీడులో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. నోటిఫికేషన్ కోసం రెండు సెకన్లు తల దించితే 33 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. మూడు బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం. అదే 30కి తగ్గిస్తే, బ్రేకు వేశాక ఆగే దూరం సగం కాదు, ఇంచుమించు నాలుగో వంతుకి పడిపోతుంది. తొలకరి చినుకుకి ట్రాక్టర్ మట్టి తోడైతే మాత్రం ఈ లెక్కనీ నమ్ముకోకండి.

అమెరికాలో ఉన్న మీ కజిన్‌ని అడగండి. అక్కడ స్కూల్ బస్సు ఎర్రలైట్లు వేసి ఆగితే, డివైడర్ లేని రోడ్డు మీద వెనకవాళ్లే కాదు, ఎదురొచ్చేవాళ్లూ ఆగాలి. ఆ పసుపు రంగు కూడా 1939లో కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫ్రాంక్ సైర్ పెట్టిన సమావేశంలో ఖాయం చేసిందే. మనం రంగు తెచ్చుకున్నాం గానీ ఆగడం తెచ్చుకోలేదు.

2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూల్ బస్సుని రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. 2019 నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. మరి మా దగ్గర ప్రతి తోట మలుపూ అలాంటి గేటే కదా, ఇక్కడ కాపలా ఎవరు? బండి నడిపేవాడే.

ఇంట్లో టెన్త్ చదివే తమ్ముడికి బైకు తాళం ఇచ్చేవాళ్లకి ఓ మాట. 2019 సవరణ తర్వాత మైనర్ ఆ బండితో నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి ఓనర్‌కో 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు.

రాత్రి గాలివాన కొట్టిందా, మర్నాడు పొద్దున ఇంకా మెల్లగా పోండి. రోడ్డు పక్కన రాలిన కాయలుంటాయి, బస్సు కోసం నిలబడ్డ పిల్లలుంటారు. ఒకడు కాయ కోసం పరిగెత్తాడంటే వెనక ఇంకో ఇద్దరుంటారు. మొదటివాడు దాటేశాడు కదా అని యాక్సిలరేటర్ తిప్పకండి.