రైఫిల్ కొనే ముందు ఒక్క మాట

మొక్కజొన్న కంకి పాలు పట్టే రోజులు వచ్చాయంటే రైతుకు కంటి మీద కునుకు ఉండదు. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొట్టినా, తెల్లవారుజామున ఒక్క గంట రెప్ప వాలితే చాలు, అడవిపందుల మంద వచ్చి అరెకరం నేలమట్టం చేసి పోతుంది. అవి తినేదానికంటే తొక్కేదే ఎక్కువ. వేరుశనగ చేనైతే నాగలి పెట్టినట్టు తవ్వేస్తాయి. పెట్టుబడి పోతుంది, అప్పు మిగులుతుంది.

ఈ బాధ పడలేక సంఘం కార్యాలయానికి వచ్చే రైతులు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, మా నాన్న కాలం నాటి మందు దట్టించే తుపాకీ ఉంది. లైసెన్సు కూడా ఉంది. కానీ అది పేలితే పేలుతుంది, లేకుంటే లేదు. తక్కువ ధరలో బోల్టు రైఫిల్ ఏదైనా దొరుకుతుందా? దానికి మారొచ్చా?"

అడగడంలో తప్పు లేదు. మందు దట్టించే తుపాకీ ఒక్క దెబ్బకే. వానాకాలంలో మందు చెమ్మగిల్లుతుంది. మళ్లీ దట్టించేలోపు మంద చేను దాటిపోతుంది. అలాంటిది చేతిలో పెట్టుకుని పంటను కాపాడుకోమంటే ఎలా? అయితే అప్పు చేసి రైఫిల్ కొనే ముందు కొన్ని విషయాలు తెలిసి ఉండాలి. తెలియక కొంటే డబ్బూ పోతుంది, కొన్నిసార్లు జైలు కూడా తప్పదు.

మన దేశంలో సామాన్యుడికి దొరికే బోల్టు రైఫిల్ అంటే ముందుగా చెప్పుకోవలసింది 315 బోరు. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరు దీనితో ముడిపడి ఉంది. పాత సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పద్ధతిలోనే దీని బోల్టు పనిచేస్తుంది. సైన్యం వాడిన 303 బోరు పౌరులకు నిషేధం కాబట్టి, వేరే బోరులో దీన్ని తయారు చేశారు. గట్టి తుపాకీ. సరిగా చూసుకుంటే రెండు తరాలు పనిచేస్తుంది. వాడిన 315 బోరు రైఫిళ్లు లైసెన్సుదారుల దగ్గర అమ్మకానికి వస్తుంటాయి, కొత్తదానికంటే తక్కువకే. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు తరువాత మొదలవుతుంది.

మొదటి చిక్కు చట్టంతో. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 13(3) పంట రక్షణ కోసం మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని చెబుతుంది. అది చాలదని అధికారి భావిస్తే, గొట్టం లోపల గాళ్లు లేని, కనీసం ఇరవై అంగుళాల గొట్టం ఉన్న మరో తుపాకీకి లైసెన్సు ఇవ్వవచ్చు. మనం పన్నెండు బోరు అని పిలిచేది అదే. రైఫిల్ ఈ జాబితాలో లేదు. రైఫిల్ కావాలంటే వేరే క్లాజు కింద 'సరైన కారణం' చూపించాలి, ఇవ్వడం మానడం అధికారి ఇష్టం. లైసెన్సు చేతికి రాకముందే తుపాకీకి బయానా ఇచ్చిన రైతులు ఇక్కడే దెబ్బ తింటున్నారు.

రెండో చిక్కు తూటాతో. రైఫిల్ తూటా గురి తప్పితే పక్క గట్టు దగ్గర ఆగదు. రెండు కిలోమీటర్ల అవతల కూడా మనిషిని చంపగలదు. మన పొలాలు అమెరికా పొలాల్లా వందల ఎకరాలు కావు. చీకట్లో పక్క చేనులో మరో రైతు కాపలా ఉంటాడు, కాలువ దగ్గర నీళ్లు కట్టేవాడు ఉంటాడు, అవతల గూడెం ఉంటుంది. పన్నెండు బోరులో ఎస్‌జీ, ఎల్‌జీ తూటాల గుండ్లు పందికి దెబ్బ తగిలేది ముప్పై నలభై గజాల లోపే. చేను గట్టున కూర్చున్న రైతుకు ఆ దూరం చాలు. గుండ్లు ఆ తరువాత కూడా కొంత దూరం పోతాయి కాబట్టి జాగ్రత్త ఎప్పుడూ కావాలి. కానీ రైఫిల్‌తో పోలిస్తే ముప్పు తక్కువ. అందుకే మందు దట్టించే తుపాకీ నుంచి మారాలనుకునే రైతుకు మా సలహా ఒక్కటే: రైఫిల్ కాదు, ఒంటి గొట్టం పన్నెండు బోరు. లైసెన్సు పుస్తకంలో ఎస్‌బీబీఎల్ అని రాసేది దీన్నే. ధరలోనూ, మన్నికలోనూ, చట్టంలోనూ రైతుకు అదే దగ్గర.

మూడో చిక్కు అన్నిటికంటే పెద్దది. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. అడవిపంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. 2022 సవరణ తరువాత రెండో షెడ్యూలులో ఉంది. నిలిచి ఉన్న పంటకు ముప్పు ఉన్నప్పుడు సెక్షన్ 11 కింద రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చినవారు గానీ రాతపూర్వకంగా అనుమతిస్తేనే కాల్చాలి. అనుమతి లేకుండా కాలిస్తే, పంట పోయిన రైతే ముద్దాయి అవుతాడు. గాలిలోకి కాల్చి బెదిరించడానికి లక్ష అప్పు తెచ్చి రైఫిల్ ఎందుకు?

లైసెన్సు మార్చమని అర్జీ పెట్టేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, మందు దట్టించే తుపాకీ ఎందుకు చాలడం లేదో స్పష్టంగా రాయండి. సాగు విస్తీర్ణం, పంట, నష్టం జరిగిన తేదీలు, ఫొటోలు, అటవీ శాఖకు ఇచ్చిన ఫిర్యాదు నకలు జతపరచండి. రెండు, తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని సెక్షన్ 14(2) చెబుతోంది. కౌలు రైతులు, చిన్న రైతులు ఈ సెక్షన్ నంబరు కంఠస్థం చేయాలి. మూడు, నిరాకరిస్తే కారణం రాతలో అడగండి. సెక్షన్ 18 కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

వాడిన తుపాకీ కొనేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. లైసెన్సుదారు తన తుపాకీని మరో లైసెన్సుదారుకు అమ్మాలంటే, ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేసిన తరువాత 45 రోజులు గడవాలి. తుపాకీ మీది నంబరు, లైసెన్సు పుస్తకంలోని నంబరు ఒక్కటేనా అని చూడండి. గొట్టంలో తుప్పు, సొట్ట, చీలిక ఉంటే ఎంత చవకైనా వద్దు. లైసెన్సు ఉన్న మిస్త్రీకి చూపించాకే డబ్బు ఇవ్వండి.

పాత తుపాకీనే ఊరి కమ్మరి దగ్గర 'బాగు' చేయించుకుందామనే ఆలోచన అసలు వద్దు. గొట్టం కోయడం, ఒక రకం తుపాకీని మరో రకంగా మార్చడం, లైసెన్సు లేనివాడు తుపాకీ తయారు చేయడం, ఇవన్నీ నేరాలే. 2019 సవరణ తరువాత వీటికి శిక్ష ఏడేళ్లకు తక్కువ కాదు, యావజ్జీవం దాకా పడవచ్చు. ఐదారు వేలకు నాటు తుపాకీ తెచ్చిపెడతానన్న బ్రోకరు, పోలీసులు వచ్చిన రోజు మీ పక్కన నిలబడడు.

తుపాకీ దొరకనివారు ఏం చేస్తున్నారో మనకు తెలుసు. చేను చుట్టూ కరెంటు తీగ కడుతున్నారు. పందికి పెట్టిన తీగకు పక్క పొలం రైతు, పశువుల కాపరి, చివరికి కట్టినవాడే బలైన సంఘటనలు రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. ఆ చావులకు రైతు ఒక్కడినే బాధ్యుణ్ణి చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. దారి చూపించనివారిదీ బాధ్యతే.

దారి లేకపోలేదు. తెలంగాణలో సర్పంచులను గౌరవ వన్యప్రాణి సంరక్షకులుగా గుర్తించి, అడవి బయట పంట నాశనం చేసే పందులను అటవీ శాఖ జాబితాలోని షూటర్లతో కాల్పించే అధికారం ఇచ్చారు. 2022 మే నెలలో కేరళ కూడా స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇలాంటి అధికారమే ఇచ్చింది. మంచి రైఫిల్, శిక్షణ ఉన్న చేయి, చట్టబద్ధమైన అనుమతి, మూడూ కలిసేది ఇక్కడే. ప్రతి రైతూ ఒక రైఫిల్ కొననక్కర్లేదు. మండలానికి ఇద్దరు ముగ్గురు నమ్మకమైన షూటర్లు ఉంటే చాలు. కానీ జాబితా ఎక్కడుందో రైతుకు తెలియదు, షూటర్ ఖర్చు ఎవరిదో చెప్పరు. పైగా తెలంగాణలో 2024 జనవరి ఆఖరుకు సర్పంచుల పదవీకాలం ముగిస్తే, మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. సర్పంచి కుర్చీ ఖాళీగా ఉందని పందులు ఆగాయా?

అందుకే ప్రభుత్వాలను సంఘం కోరుతున్నది ఇది. శిక్షణ పొందిన షూటర్ల జాబితాను ప్రతి పంచాయతీ కార్యాలయంలో, రైతు సేవా కేంద్రంలో, రైతు వేదికలో అతికించాలి. వారి తూటాల ఖర్చు, రాకపోకల ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా అనుమతి అధికారాన్ని గ్రామ స్థాయికి తేవాలి. పంట రక్షణ లైసెన్సు అర్జీలను విత్తనం వేసేలోపు తేల్చాలి, పంట ఇల్లు చేరాక కాదు. ఎన్నికల కోడ్ వచ్చిన ప్రతిసారీ రైతు తుపాకీని స్టేషన్‌లో పెట్టించుకున్నప్పుడు, ఆ నెలల్లో పంట కాపలాకు వేరే ఏర్పాటు చేయాలి. సోలార్ కంచెకు సబ్సిడీ చిన్న రైతుకూ, కౌలు రైతుకూ అందాలి.

రైతు మిత్రులారా, ఈ నెలలో జరిగే గ్రామ కమిటీ సమావేశాల్లో మీ ఊరి పంట నష్టం వివరాలు తేదీలతో సహా రాసి తీసుకురండి. ఒక్కొక్కరం ఒక్కో తుపాకీ వెతుక్కుంటే బ్రోకర్లు బాగుపడతారు. అందరం కలిసి ఒక్క అర్జీతో కలెక్టరేటుకు వెళితే చేను బాగుపడుతుంది.