వ్యర్థలోహము - మన కర్తవ్యము

గానుగాడి నూనె తీసిన పిమ్మట తెలకపిండిని వీథిలో పారవైచు రైతు మన దేశమున లేడు. తవుడు పశువులకగును, ఊక పొయ్యికగును. ఇట్టి పొదుపును తరతరములుగా నెరిగిన మనము యంత్రశాలలలో లేతుల క్రింద రాలు అల్యూమినియపు తురుమును మాత్రము కసవువలె చూచుచున్నాము. ఇది విచారింపదగిన విషయము.

ఈ తురుము స్వల్పమని తలపరాదు. కొన్ని విమానభాగములను చెక్కునపుడు దిమ్మెలో పదింట తొమ్మిది పాళ్లవరకు తురుమై రాలిపోవును. పలుచనిదగుటచేతను, నూనె యంటియుండుటచేతను దానిని కరగించినచో కొంత లోహము చిట్టెమై నష్టమగును. కావున వర్తకులు దానికి తక్కువ వెల కట్టుదురు. ఇచ్చట నిట్లుండగా మన దేశము విదేశములనుండి అల్యూమినియపు తుక్కును విస్తారముగా దిగుమతి చేసికొనుచున్నది!

శాస్త్రజ్ఞులు దీనికొక మార్గమును చూపినారు. తురుమును కడిగి, ఆరబెట్టి, పొడిచేసి, టైటానియం హైడ్రైడును కొంచెము చేర్చి, గట్టిగా నదిమి, కరగు వేడిమివరకు కాచినచో లోపల ఉదజని వాయువు పుట్టి లోహము పూరీవలె పొంగును. చల్లారిన పిమ్మట అది నురుగు లోహమగును. నీటికంటె 2.7 రెట్లు బరువైన అల్యూమినియము ఈ రూపమున నీటిపై తేలగలదు. కరగించునపుడు దోషమనిపించుకొన్న ఆక్సైడు పొరయే యిచ్చట బుడగల గోడలు కూలకుండ నిలుపును.

దెబ్బ తగిలినపుడు దీని గదులు ఒకదానివెంట నొకటి నలిగి, ఆ తాకిడిని తమలో హరించుకొనును. వాహనముల ముందుభాగమున నిది యమర్చినచో లోపలివారికి చేరు తాకిడి కొంత తగ్గును. 2022వ సంవత్సరమున మన రహదారులపై 1,68,491 మంది మరణించిరి. ఈ నురుగొక్కటే వారిని కాపాడియుండెడిదని మేమనము. కాని ప్రాణరక్షణకు తోడ్పడు పదార్థమును కసవులో కలుపుట మాత్రము క్షంతవ్యము కాదు.

హైడ్రైడు ఖరీదైనదనియు, గదులు సమముగా నుండవనియు ఆక్షేపణ కలదు. అది నిజమే. అయినను తురుమునందు ఉప్పురవ్వలు కలిపి, అదిమి కాల్చి, ఆ ఉప్పును నీట కరగించి తీసివేయు పద్ధతియు నున్నది. ఉప్పునకు మన తీరమున కొదువ లేదు. అల్యూమినియపు నురుగుపై భోపాలునందలి ప్రభుత్వ ప్రయోగశాలలో పరిశోధనలు జరిగినవి. లోహచూర్ణవిద్యకై యేర్పడిన కేంద్రము హైదరాబాదునందే కలదు. కొరత పరిశోధనశాలలో కాదు, లేతు కడ నున్నది.

ఇనుము, ఇత్తడి, అల్యూమినియము కలగలసిన కుప్ప యే విద్యకును లొంగదు. తాలును గింజను కళ్లమునందే వేరుచేసినట్లు, ఏ లోహపు తురుమును ఆ తొట్టిలో చెక్కినచోటనే వేరుగా నుంచి, నూనె వడియగట్టవలెను. విజయవాడ ఆటోనగరమునందును, హైదరాబాదు బాలానగరమునందును గల యంత్రశాలల యజమానులు సంఘములుగా గూడి యీ పనికి పూనుకొనవలెను. ప్రభుత్వము వారికిని పరిశోధకులకును నడుమ వంతెనగా నిలువవలెను. తెలకపిండి విలువ నెరిగిన జాతికి తురుము విలువ తెలియుట కష్టము కాదని మా విశ్వాసము.