పెండ్లికూతురి చీర



ముహూర్తము నిశ్చయమైనది మొదలు మా రామచంద్రపురము వంటి యూళ్లలో చీరల మాటయే మాట. జరీ యెంత, వెల యెంత, వియ్యాలవారు మెచ్చుదురా యని యడుగువారు పదుగురు. “అమ్మాయీ, ఇది నీకు నచ్చినదా?” యని యడుగువారు అరుదు. పిల్ల యెదుటనే పొట్టి యనియు, లావనియు వంకలు పెట్టువారికి మాత్రము కొదువ లేదు. ఆ మాటలు విన్న పిల్ల పెండ్లిపీటలపైని గూడ తల యెత్తలేదు. చీర నప్పనిచో లోపము ఎన్నికలోనిది, పిల్లలోనిది కాదు.

పొట్టిగా నుండు పిల్లకు జానెడు అంచు తగదు. చీర రంగొకటి, అంచు రంగొకటి యైనచో నిలువు రెండుగా తెగినట్లగపడి యెత్తు మఱింత తగ్గును. రెండు మూడంగుళముల అంచు, చీర రంగులో కలియునది, చిన్న బుటాలు గలది మేలు.

పొడవుగా సన్నముగా నుండు పిల్లకు పెద్ద అంచు గల బరువైన కంచిపట్టు నిండుదన మిచ్చును. కాని యామెకు కొనునపుడు పన్నా కొలిచి చూడవలయును. అది సాధారణముగా 47, 48 అంగుళములుండును. చాలనిచో కుచ్చెళ్లు చీలమండల పైననే నిలిచిపోవును.

ఒళ్లుగల పిల్లకు బిగుసుకొని నిలుచు పట్టును, టిష్యూయును ఉబ్బెత్తుగా నగపడును. పిఠాపురము చేరువను సముద్రపుటొడ్డున నేయు ఉప్పాడ జాందానీ యామెకు మిక్కిలి యనుకూలము. తేలికయై, మెత్తగా జాఱి, సన్నని కుచ్చెళ్లకు లొంగును. ఈ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది.

చామనచాయకు లేతరంగులు నప్పవను మాట నమ్మవలదు. పగటి వెలుతురున చీరను మోము చెంత నుంచి చూచిన నిజము తెలియును.

మఱియొక మాట. మన పెండ్లికూతురు నిలుచుండునది తక్కువ, కూర్చుండునది యెక్కువ. మేనమామలు గంపలో నుంచి మోసికొని వత్తురు. పిమ్మట హోమపుసెగలో గడియల తరబడి పీటలపై నుండవలయును. కావున ముందుగానే చీర కట్టి, రవిక తొడిగి, పిల్లను పీటపై అరగంట కూర్చుండబెట్టుడు. తలంబ్రాలు పోయునట్లు రెండు చేతులు తలపై కెత్తింపుడు. చంకలో రవిక పట్టినను, బరువునకు పయ్యెద జాఱినను పెండ్లినాటికి ముందే సరిచేయవచ్చును.

తెల్లని నూలుపై ఎఱ్ఱని లేక పసుపుపచ్చని అంచు గల మధుపర్కములను చూడుడు. పొట్టి, పొడవు, కలిమి, లేమి యను భేదము లేక అవి యందఱకును నప్పును. కొలది వెలలో లభించు నా వస్త్రము ముందు అప్పుచేసి కొన్న జరీచీర యేపాటిది? మా వంటి బడిపంతుళ్ల యిండ్లవారు ఈ మాట మఱవరాదు.

కుమారసంభవము ఏడవ సర్గలో పెండ్లి అలంకారము ముగిసిన పిమ్మట పార్వతి తన్ను తాను అద్దమున చూచుకొనును. మన పిల్లకును ఆ యద్దము ముందు ఉంచుడు. ఆమె మెచ్చిన చీరయే కొనుడు.