కోఠి మేడ ఎవరిది?

భిలాయి ఉక్కు నగరమున ఇంటికి గుర్తు సెక్టారు సంఖ్య. 1955లో సోవియట్ రష్యాతో ఒప్పందము కుదిరిన పిమ్మట లేచిన ఊరది. ఇండ్లు ఎవరికొరకు కట్టిరో అక్కడ వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి ఊర పెరిగిన తెలుగువాడు హైదరాబాదు వచ్చి, కోఠి మహిళా కళాశాల ఆవరణలోని పాత రెసిడెన్సీ స్తంభములను, మెట్ల ప్రక్కనున్న సింహములను చూచి, "ఇది ఎవరి ఇల్లు?" అని అడుగుట సహజము. మనము వెంటనే ప్రేమకథ నెత్తుకొందుము: కిర్క్‌పాట్రిక్ దొర, ఖైరున్నీసా బేగము, వారి వివాహము. అడిగినదొకటి, చెప్పినది మరియొకటి.

కథ అబద్ధమని నేననను. ఆమె నివసించిన రంగమహలును తరువాత దొరలే కూల్పించిరి. ప్రేమను కీర్తించువారు ఈ సంగతిని నంజుకొనినట్లు చెప్పి విడిచెదరేల? అది యటుండనిండు. 1798లో నిజాముచేత సైన్యసహకార సంధికి ఒప్పించినవాడు ఈ కిర్క్‌పాట్రిక్కే. ఫ్రెంచి సేనానులు తీర్చిన దళము నిరాయుధమయ్యెను. కంపెనీ సైన్యపు ఖర్చు నిజాముపై పడెను. 1803 ప్రాంతమున మొదలైన ఈ మేడ ఖర్చును సైతము నిజామే భరించెను. నక్షా శామ్యూల్ రస్సెల్ అను సైనిక ఇంజనీరుది. కిర్క్‌పాట్రిక్ 1805లోనే కలకత్తాలో మరణించెను. డబ్బు ఒకరిది, చేతిపని మరియొకరిది, పేరు మాత్రము ఆయనది!

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాను, మౌల్వీ అలావుద్దీను ముందు నడువగా జనము ఈ రెసిడెన్సీపైకి దండెత్తెను. ఫిరంగుల ముందు నిలువలేకపోయిరి. మౌల్వీని అండమానుకు పంపిరి. 1859లో చంపబడిన తుర్రేబాజ్ ఖాను శవమును నగరమున బహిరంగముగ వ్రేలాడదీసిరి. ప్రేమకథ చెప్పువారి నోట ఈ పేర్లు ఎన్నిసార్లు విందుము?

1949లో ఆడపిల్లల కళాశాల ఈ మేడలో ప్రవేశించెను. దొర కొలువుదీరిన చోట విద్యార్థిని పాఠము వ్రాసికొనెను. నా దృష్టిలో ఈ ఇంటి చరిత్రలో ఇంతకు మించిన ఘట్టము లేదు. కొందరు రసజ్ఞులు మాత్రము కళాశాల వలననే మేడ చెడినదందురు. కప్పునుండి దిగు వాననీరు విద్యార్థినుల ఆజ్ఞకై కాచుకొనియున్నదా? మరమ్మతు చేయింపవలసినవారు చేయింపలేదు. 2002లో ప్రపంచ స్మారక నిధి దీనిని ప్రమాదస్థితిలోనున్న కట్టడముల జాబితాకెక్కించెను. బాగుచేసిన భాగము 2023లో ప్రజలకు తెరువబడెను. సంతోషమే. కాని బాగైన గదులు సందర్శకులకు, బయటి గదులు విద్యార్థినులకు అను పంపకమునకు నేనొప్పను. ఒక్క గదియైనను గ్రంథాలయముగ వారికి మిగులవలెను.

కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. దేశ్‌ముఖుకు ఎదురునిలిచి తన చేను కాపాడుకొన్న ఆడది ఆమె. ఆ పేరుగల గుమ్మము దాటివచ్చిన భిలాయి అతిథికి ముందు 1798ని, 1857ని, 1949ని చెప్పుడు. ప్రొద్దు మిగిలినచో ప్రేమకథ చెప్పవచ్చును.