జొన్నన్నం చెప్పిన పాఠం

పిల్లలూ! మన గుంటూరు, ప్రకాశం మెట్టపొలాల్లో పత్తి, మిరపే గాక జొన్న కూడా పండుతుంది గదా. నా చిన్ననాడు కూలిజనానికి పూటపూటకూ జొన్నన్నమే. మా ఊళ్ళో మిరపకాయలు కోసే ఒక అవ్వకు మెడచుట్టూ, చేతులమీదా చర్మం నల్లబడి గరుకు తేలింది. నాలుక పూసి కారం తినలేకపోయేది. అంటువ్యాధి అనుకొని ఆమెను దూరంగా కూర్చోబెట్టేవాళ్ళం.

అవి పెల్లాగ్రా లక్షణాలని పెద్దయ్యాక చదివి తెలుసుకొన్నాను. అది అంటుకొనేది కాదు. నయాసిన్ అనే విటమిన్ చాలనందువల్ల వచ్చేది.

ఇతర దేశాల్లో మొక్కజొన్న తినేవారికి ఈ జబ్బు వచ్చేది. మరి జొన్న తినేవారికెందుకు? సేలంలో పుట్టిన డాక్టర్ సి. గోపాలన్ (1918–2019) ఈ ప్రశ్న పట్టుకొన్నారు. ఆయన పనిచేసిన పోషకాహార పరిశోధనశాల 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. మన శరీరం ట్రిప్టోఫాన్ నుండి కొంత నయాసిన్‌ను తానే తయారు చేసుకొంటుంది. జొన్నలో హెచ్చుగా ఉండే లూసిన్ అందుకు అడ్డు తగులుతుందని ఆయన, డాక్టర్ శ్రీకంఠయ్య 1960లో సూచించారు. దీనిపై పండితుల్లో తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి.

మందేమిటంటారా? నయాసిన్ మాత్రలు, వాటితోపాటు పప్పు, పాలు, వేరుసెనగ. జొన్న చెడ్డది కాదు పిల్లలూ, జొన్న తప్ప మరేమీ దొరకని పేదరికమే చెడ్డది.

ఆ అవ్వను దూరం పెట్టినందుకు నాకీనాటికీ సిగ్గే. మీరు మాత్రం ఎవరి ఒంటిమీదైనా మచ్చలు కనిపిస్తే దూరం జరగకండి. ‘ఏం తింటున్నారమ్మా?’ అని అడగండి, వైద్యుని దగ్గరకు తోడు వెళ్ళండి.