పాతబండి – క్రొత్తయంత్రము

బండికి కట్టిన ఎద్దులు బలమైనవైనంత మాత్రమున ప్రయాణము సుఖముగా సాగదు. ఆ బలమునకు కాడి తాళవలెను, ఇరుసు తాళవలెను, పల్లమునకు దిగునపుడు పగ్గము పట్టినవాని చేయి తాళవలెను. ఈ సంగతి మన రైతులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. కాని యంత్రముల విషయమున మాత్రము మనము దీనిని తరచుగా మరచుచుందుము. బలము పెరిగినచో చాలును, తక్కినదంతయు దానంతట అదియే సరిపడునని తలంతుము. ఈ తలంపు ఎంత పొరపాటో ఇంగ్లండు దేశపు పాత కారొకటి చక్కగా తెలుపుచున్నది.

1962వ సంవత్సరమున ఆ దేశమునందలి ఆబింగ్డన్ పట్టణమున ఎమ్.జి.బి. అను చిన్న స్పోర్ట్సు కారు తయారు కాసాగెను. 1980 వరకు సుమారు అయిదు లక్షల బండ్లు వెలువడినవి. నేలకు దగ్గరగా, చూడ ముచ్చటగా నుండు బండి అది. దాని యంత్రము ఇనుముతో పోతపోసినది, నాలుగు సిలిండర్లది, పరిమాణము 1,798 ఘన సెంటీమీటర్లు. అది నమ్మదగినదే కాని, రూపమునకు తగిన వేగము దానికి లేదని పలువురు యజమానులకు తోచెను.

ఇట్టివారి కంట మరియొక యంత్రము పడెను. అమెరికాలోని బ్యూయిక్ సంస్థ 1961వ సంవత్సరపు కార్ల కొరకు అల్యూమినియముతో ఎనిమిది సిలిండర్ల యంత్రమును నిర్మించెను. దానిని తయారుచేయు హక్కును 1965లో ఇంగ్లండునందలి రోవర్ సంస్థ కొనెను. రోవర్ యంత్రపు పరిమాణము 3,528 ఘన సెంటీమీటర్లు, అనగా ఎమ్.జి.బి. యంత్రమునకు దాదాపు రెట్టింపు. అయినను అల్యూమినియము తేలిక లోహమగుటచే రెండింటి బరువును ఇంచుమించు సమానమే. 1970 ప్రాంతమున కెన్ కాస్టెల్లో అను నిపుణుడు ఈ యంత్రమును ఎమ్.జి.బి.లో అమర్చి విక్రయింపసాగెను. పిమ్మట కర్మాగారమువారే 1973 నుండి 1976 వరకు అట్టి కార్లను 2,591 నిర్మించిరి. నాటినుండి నేటివరకు ఔత్సాహికులు తమ యింటి షెడ్డులలో ఈ మార్పును స్వయముగా చేసికొనుచునే యున్నారు.

పాతయంత్రమును పైకెత్తి, ఆ చోట క్రొత్తదానిని దించుట ఒక దినపు పనియని దూరమునుండి చూచువారికి తోచును. చేయబూనినవారికి మాత్రము చిక్కులు ఒకదాని వెనుక నొకటిగా ఎదురగును. మొదటిది చోటు. నాలుగు సిలిండర్లు ఒకే వరుసలో నిలిచియుండును. ఈ ఎనిమిది సిలిండర్లో, రెండు వరుసలై, ఇంగ్లీషు 'వి' అక్షరమువలె ఇరువైపులకు ఒరిగియుండును. కావున యంత్రము వెడల్పగును. పొగగొట్టములు బండి లోగోడలకును, స్టీరింగు దండమునకును అడ్డుపడును. పైనున్న కార్బురేటర్లు మూతకు తగులును. కాస్టెల్లో మూతపై ఒక ఉబ్బును ఏర్పరచి ఈ చిక్కును దాటెను. కర్మాగారమువారు కార్బురేటర్లను వెనుకకు జరిపి, మూతను ఉన్నదున్నట్లుగా నుంచిరి. ఒకే సమస్యకు రెండు పరిష్కారములు దొరకుట గమనింపదగినది.

రెండవది వేడి. ఎక్కువ పెట్రోలు మండినచో ఎక్కువ వేడి పుట్టును. ఇరుకైన చోట గాలి చక్కగా ఆడదు. రేడియేటరును ముందునకు జరిపి, విద్యుత్తుతో తిరుగు పంకాలను అమర్చనిచో, బండి రద్దీలో నిలిచినపుడు నీరు మరగజొచ్చును. మూడవది పండ్లచక్రముల పొందిక. పాతబండిలో వెనుక చక్రము ఒకసారి తిరుగుటకు దానిని త్రిప్పు దండము సుమారు 3.9 మారులు తిరుగవలసియుండెను. బలమైన యంత్రమునకు అంత అవసరము లేదు గనుక కర్మాగారమువారు దానిని 3.07కు తగ్గించిరి. ఈ మార్పు చేయనిచో యంత్రము ఊరక రొదచేయుచు అలయును. క్లచ్చియు, గేరుపెట్టెయు కూడ క్రొత్తబలమును మోయగలవై యుండవలెను.

ఈ చిక్కులన్నియు ఒక విధముగా నిజాయితీ గలవి. వీనిలో పొరపాటు జరిగినచో మూత పడదు, నీరు మరగును, గేరు పడదు. తప్పు తప్పని వెంటనే తెలియును. బ్రేకుల సంగతి అట్టిది కాదు. బ్రేకులు చాలకపోయినను బండి కదలును, పరుగెత్తును, యజమానికి ఆనందమును గూడ కలిగించును. ఆపవలసిన క్షణము వచ్చువరకు లోపము బయటపడదు. వేగము రెండింతలైనచో బ్రేకులు హరింపవలసిన శక్తి నాలుగింతలగునని శాస్త్రము చెప్పుచున్నది.

నేను ఉపాధ్యాయుడనై యుండగా నా విద్యార్థి యొకడు తన సైకిలుకు పెద్ద పండ్లచక్రమును తానే బిగించుకొనెను. బడిలో అతనిని మించిన వేగము ఎవరికిని లేదు. అరిగిపోయిన బ్రేకు రబ్బర్లను మార్చుట మాత్రము అతనికి తోచలేదు. ఒక ఉదయము వంతెన దిగుచు, పెరుగుకుండతో వచ్చుచున్న ముదుసలిని కొట్టెను. ఆమె చేయి విరిగినది. ఆ బాలుని నైపుణ్యమును నలుగురియెదుట మెచ్చుకొన్నవాడను నేనే. బ్రేకులను గూర్చి ఒక్క మాటయైనను నేను అడుగనైతిని. ఆ తప్పులో నాకును భాగము కలదు.

పాతకార్లను ఉన్నవి ఉన్నట్లుగా కాపాడవలెనే గాని, యంత్రము మార్చుట అపచారమని కొందరందురు. వారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. ప్రపంచమున పదో ఇరువదియో మిగిలియున్న బండిని మార్చుట నాకును సమ్మతము కాదు. కాని లక్షలకొలది తయారైన బండి విషయమున నా అభిప్రాయము వేరు. తీసిన యంత్రమును పారవేయక భద్రపరచి, మరల బిగింప వీలగునట్లు పనిచేసినచో, ఆ మార్పు నాశనము కాదు; అదియు ఒక విద్యయే.

మార్చిన వాహనము పూర్వపు నమోదునకు అర్హమగునా యని నిర్ణయించుటకు బ్రిటిషు ప్రభుత్వము చాలకాలము మార్కుల లెక్కను పాటించెను. అందు బండి మూలదేహమునకు 5 మార్కులు, స్టీరింగునకు 2, ఇరుసులకు 2, యంత్రమునకో, 1 మాత్రమే! మనము దేనిని గుండెయని మురియుదుమో దానికి దక్కినది అంతే. మన దేశమునందును, యజమాని తన యిష్టము వచ్చినట్లు వాహనమును మార్చరాదని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము నియమించినది. ఇట్టి నియమములు నైపుణ్యమునకు శత్రువులని తలపరాదు. ఇంట చేసిన పని ఇంటనే యుండిపోదు. అది రహదారిమీదికి వచ్చును. ఆ దారిన నడచువారు మన పనిని పరీక్షించి యుండలేదు. మనలను నమ్మి నడచుచున్నారు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు యంత్రములను విప్పుదురు, బిగింతురు, మార్తురు. తప్పక చేయుడు, చేతులకు నూనె అంటని చదువు సగము చదువే. కాని క్రొత్తయంత్రమును పైకెత్తుటకు ముందే బ్రేకులను బాగుచేయుడు. పనికి మొదట చేయి పెట్టవలసిన చోటు అది.