మసి పూసిన వంటలక్క

'కార్తీక దీపం' గురించి ఉద్యమ పత్రికలో రాతలేంటని కొందరు ముక్కు విరుస్తారు. విరవనీండి. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా, పదిహేను వందల పైచిలుకు ఎపిసోడ్లు, సాయంత్రమైతే మన వాడల్ని కూడా టీవీల ముందు కూచోబెట్టిన సీరియల్ అది. మన ఆడోళ్ల కన్నీళ్ల మీద సాగిన యాపారం గురించి మనం కాక ఎవరు మాట్లాడాలి?

జనం ఎందుకు చూశారు? దీప కోసం. నల్లగా ఉందని అత్త ఈసడించింది. మొగుడు అనుమానించి దూరం చేశాడు. ఆమె కూలబడి ఏడవలేదు. వంటలు చేసి బిడ్డని సాక్కుంది, వంటలక్క అనిపించుకుంది. ఇలాంటి మనిషి ప్రతి పేటలో ఉంది. అందుకే నమ్మాం.

మరి కథ? మొగుడు డాక్టరు. తనకి పిల్లలు పుట్టరని నమ్మి పెళ్లాన్ని శంకిస్తాడు. ఒక్క డి.ఎన్.ఎ. పరీక్షతో తేలే సంగతిని ఏళ్లకేళ్లు సాగదీశారు. చూసేవాళ్లందరికీ తట్టింది డాక్టరుకి తట్టలేదు! 2022లో దీపనీ మొగుడినీ కారు ప్రమాదంలో చంపేశారు. పిల్లల్ని పెద్దోళ్లని చేశారు. కొన్ని నెలలకే దీపని మళ్లీ బతికించి తెచ్చారు.

ఇదంతా రాసేవాళ్ల చేతగానితనం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. దీప బతుకు వెంట నిజాయితీగా నడిస్తే కథ ఒక్క ప్రశ్న దగ్గర ఆగుతుంది: ఆ ఇంటికి నలుపంటే అంత అసహ్యం ఎక్కడిది? అగ్రహారంలో నల్లోళ్లున్నారు, గూడెంలో ఎర్రగా ఉన్నోళ్లున్నారు. అయినా నలుపనగానే తక్కువతనం గుర్తొచ్చేలా చేసింది కులం కాదా?

ఆ ప్రశ్న తప్పించడానికే మోనిత దిగింది. నేరమంతా ఒక్క ఆడదాని నెత్తిన పడింది. ఈసడించిన అత్త మంచిదైపోయి కోడలి పక్షాన నిలబడింది. శంకించిన మొగుడు అమాయకుడైపోయాడు. ఇల్లు పవిత్రం, బయటి నుంచి వచ్చిన విలన్ ఒక్కతే పాపాత్మురాలు! కల్లబొల్లి మలుపులు కాపాడింది కథని కాదు, ఆ పెద్దింటి పరువుని.

ఇంకో బండారం. దీప వేషం కట్టిన నటి అసలు రంగు తెలుపే. మేకప్పుతో నలుపు పూశారు. మలయాళంలో 2014లో మొదలైన 'కరుత్తముత్తు'లోనూ ఆమే. నల్లపిల్ల కథలో కూడా నల్లపిల్లకి చోటు లేదు!

ఇక వంట సంగతి. సీరియల్లో వంటలక్క చేతి కూడు లొట్టలేసుకుని తిన్నారు. బయటో? బడిలో మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్, చంపావత్ జిల్లా సుఖీఢాంగ్ బడిలో దళిత స్త్రీ వండిన అన్నాన్ని అగ్రకులాల పిల్లలు ముట్టలేదు. అధికారులు ఆమెనే పనిలోంచి తీసేశారు. గొడవ దేశమంతా పాకాక మళ్లీ పెట్టుకున్నారు. అసలు వంటలక్క కథ ఇదీ. దీనికి మోనిత అక్కర్లేదు, కారు ప్రమాదం అక్కర్లేదు. ఊరుంటే చాలు.

సీరియల్ మహానుభావులారా! మసి కడగండి. వంటలక్క కులం చెప్పండి. ఆ తర్వాత విస్తరి ముందు ఎవరు కూచుంటారో, ఎవరు లేచిపోతారో చూపించండి. ఆ కథకి మీ పదిహేను వందల ఎపిసోడ్లూ చాలవు.